పెద్దనాన్న పొట్లం

మా వంశంలో కాకి చేత తిట్లు తిన్న ఘనత నా ఒక్కదానిదే. అదీ పెద్దనాన్న పోయిన మూడోనాడు, శ్మశానంలో, చుట్టాలందరి ముందు. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పట్లో నాకొక పిచ్చి ఉండేది. హోటల్ నుంచి తెప్పించుకున్నది ఏది మిగిలినా, ఫోన్‌లో వీడియోలు చూసి కొత్త వంట చేసేదాన్ని. నిన్నటి రోటీ ఇవాళ ఉప్మా, నిన్నటి నూడుల్స్ ఇవాళ కట్లెట్. "మనింట్ల కూరకు సుత చావు లేదు" అనేది మా అమ్మ.

పెద్దనాన్న సాస్తి బొగ్గు గనిలో పనిచేస్తూ, చంద్రపూర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. పోయే ముందురోజు డ్యూటీ దిగి ధాబాలో మటన్ కట్టించుకొచ్చాడు. రెండు ముద్దలు తిని, "ఛాతిల మంటగున్నది, తర్వాత తింట" అని తన చేత్తోనే పొట్లం ముడేసి ఫ్రిజ్‌లో పెట్టాడు. తెల్లారేసరికి పోయాడు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవారికి ఇష్టమైనవి ఆకులో పెట్టి దూరంగా నిలబడితే, పిట్ట వచ్చి ముట్టాలి. ముడితేనే ఆ మనిషి తృప్తిపడ్డట్టు. పెద్దమ్మ ఆ పొట్లాన్ని ఇందుకే దాచింది. ఆ పొద్దున్నే మా ఊరు రాజురా నుంచి వచ్చి దిగిన నాకు అదేం తెలుసు? చుట్టాల పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. ఫ్రిజ్ తెరిచాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. నేను అడక్కుండానే ఊరందరికీ పెట్టే రకం. పది నిమిషాల్లో ఆ మటన్‌ను ఫ్రైడ్ రైస్ చేశాను. పిల్లలు గిన్నె నాకారు.

బయల్దేరేముందు పెద్దమ్మ ఫ్రిజ్ తెరిచింది.

"పొట్లమేదే?"

"ఏ పొట్లం, పెద్దమ్మా?"

"మీ పెద్దనాయిన ముడేసింది. పిట్టకు పెట్టనీకె దాసిన."

"డబ్బాల సదిరిన" అన్నాను. పచ్చి అబద్ధం కాదు, అడుగున మిగిలిన గుప్పెడు డబ్బాలోనే ఉంది!

శ్మశానంలో ఎవరూ చూడకముందే ఆకులో బోర్లించాను. కాకి వచ్చింది. ఒంటికన్నుతో అన్నాన్ని చూసింది, నన్ను చూసింది, నా మొహం మీదే కావుమని అరిచి గోడెక్కింది. గంట గడిచింది. చంద్రపూర్ ఎండ సంగతి మీకు చెప్పాలా? కాకి దిగలేదు.

"పెద్దాయినకు మనసుల ఏదో కొట్లాడుతున్నది" అన్నాడొక ముసలాయన.

పెద్దమ్మ కూలబడి ఏడ్చింది. "నేనేం తక్కువ జేసిన? నామీద కోపంతోనే పోయిండా?"

ఇక తట్టుకోలేకపోయాను. "నీ తప్పేం లేదు పెద్దమ్మా! పొట్లం నేనే ఇప్పిన. ఫ్రైడ్ రైస్ జేసిన. పిల్లలు తిన్నరు."

"బాప్‌రే!" అన్నాడు పెద్దనాన్న కొడుకు శీనన్న. పెద్దమ్మ నన్ను చూసింది. కొడుతుందనే అనుకున్నాను.

"గదా సంగతి! మిగిలిన కూర మల్ల వండి పెడితె ముట్టకుండ తళ్ళె అవతలికి జరిపేటోడే ఆయన. బతికున్నప్పుడే తిననోడు, సచ్చినంక తింటడా?"

ముందు ఆమే నవ్వింది. తర్వాత అందరం, కళ్ళనీళ్ళతో. శీనన్న బండి మీద ధాబాకు ఉరికి వేడి మటన్ తెచ్చాడు. ఆకులో వడ్డిస్తుండగానే కాకి ముక్క ఎత్తుకుపోయింది. అప్పుడు పెద్దమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. పక్కన కూర్చొని నేనూ ఏడ్చాను.

ఆ ఎండలోనే ప్రమాణం చేశాను. ఎవరింటి ఫ్రిజ్‌లో ఏ పొట్లం దొరికినా సరే, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళనీ, పోయినవాళ్ళనీ అందరినీ అడిగాకే ముడి విప్పుతాను.