మెడలో ఉన్న రుమాలు

నా చిన్నప్పుడు మా పల్లెలో ఖాకీ నిక్కరు తొడుక్కుని, మెడలో రుమాలు చుట్టుకుని తిరిగిన మొదటి స్కౌటును నేనే. మాది పాకాల దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. హైస్కూలుకు నడిచిపోయేవాళ్లం. అక్కడి డ్రిల్లు అయ్యవారు చురుకైన పిల్లల్ని ఏరి స్కౌట్లలో చేర్చుకునేవారు. నన్ను చేర్చుకున్న రోజు మా నాయన ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. నేను ఆ దుస్తుల్లో వీధిలోకి వస్తే పెద్దవాళ్లు కూడా పక్కకు జరిగి దారి ఇచ్చేవారు. పోలీసుకూ స్కౌటుకూ తేడా మా ఊరివాళ్లకు అంతగా తెలియదు. ఆ వయసులో నాకూ తెలియదనే చెప్పాలి.

ఆ ఏడు మాకు ప్రథమ చికిత్స నేర్పారు. నేర్పారు అన్నది పెద్దమాట. పరీక్ష చేయడానికి ఎవరో ఆఫీసరు వస్తాడని, ఆయన అడగబోయే ప్రశ్నలకు జవాబులు కంఠతా పట్టించారు. అయ్యవారు మమ్మల్ని ఎండలో వరుసగా నిలబెట్టి ప్రశ్న విసిరేవారు, మేము ఎక్కాలు అప్పజెప్పినట్టు అరిచేవాళ్లం. ఎముక విరిగితే? కదపకూడదు సార్! రక్తం కారుతుంటే? అదిమి పట్టుకోవాలి సార్! కడుపులో గాయమైతే? నీళ్లు తాపకూడదు సార్! అంతటితో ఆ ప్రశ్న అయిపోయేది. ఎందుకు తాపకూడదని గానీ, తాపకుండా మరేం చేయాలని గానీ ఎవరమూ అడగలేదు. అడిగినవాడి చెవి ఆయన వేళ్ల మధ్య ఎర్రగా కమిలిపోయేది. ఆ ఆఫీసరు వచ్చాడు, మా అరుపులు విన్నాడు, టీ తాగి వెళ్లిపోయాడు.

కట్లు కట్టడం మాత్రం ఇంటి దగ్గర సాధన చేసుకోవాల్సి వచ్చేది. అందుకు నాకు దొరికిన రోగి మా పక్కింటి అన్న. వాళ్లమ్మకు ఒక్కడే కొడుకు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. మామిడి తోటల్లో కూలికి పోయి, సాయంత్రం వచ్చి కాళ్లు కడుక్కుని మా అరుగు మీద వెల్లకిలా పడుకునేవాడు. వాళ్లమ్మ, నాకు పెద్దమ్మ వరస, తన పాతకోక ఒకటి చింపి నాకు కట్లకు ఇచ్చింది. విరిగిన చేతికి ఆనించి కట్టడానికి కర్ర కావాలంటే అన్న చెరుకుగడ తెచ్చేవాడు. నేను కట్టు కట్టి, మార్కులు వేసుకుని, విప్పిన వెంటనే అన్న ఆ చెరుకుగడను నమిలేసేవాడు. మర్నాటికి మళ్లీ కొత్త కర్ర, మళ్లీ కొత్త విరుపు. అంత ఓపికైన రోగిని నేను మళ్లీ చూడలేదు.

ఒకనాడు కడుపుకు కట్టు కడుతూ, ఈ గాయానికి నీళ్లు తాపకూడదని గొప్పగా చెప్పాను. అన్న ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు.

"సచ్చేవాని నోట్లో గూడా తులసినీళ్లు పోస్తారు గదరా. మీ అయ్యోరు అదీ వద్దన్నాడా?"

"ఏం తాపినా తప్పే" అన్నాను.

"అట్లయితే నేను యాడన్నా సచ్చేది ఉంటే నువ్వు లేని తావు సూసుకోవల్ల" అని పడీపడీ నవ్వాడు. గోడకవతల చేట పట్టుకుని కూర్చున్న పెద్దమ్మ, సాయంత్రం పూట అవేం మాటలని కేకలేసింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది, అన్నదీ, నాదీ.

మా వైపు సంక్రాంతికి వచ్చే పశువుల పండగ గురించి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఎడ్ల కొమ్ములు నున్నగా చెలిగి, రంగులు పూసి, వాటికి చెక్కపలకలు కడతారు. పలక మీద కొత్త తువ్వాలో, పట్టుగుడ్డో, ఒక్కోసారి వెండి వస్తువో ఉంటుంది. డప్పులు కొట్టి ఎడ్లను వీధిలోకి వదిలితే, కుర్రవాళ్లు వాటి మీద పడి పలకలు లాక్కోవాలి. లాక్కున్నవాడు ఆ ఏటికి మగవాడు. మిద్దెల మీదా గోడల మీదా జనం కిక్కిరిసి ఉంటారు. పొడిపించుకున్నవాడిని రెండు రోజులు మెచ్చుకుని మూడోరోజు మర్చిపోతారు. నేను పుట్టి పెరిగిన ఊరే అయినా ఈ మాట అనకుండా ఉండలేను.

ఆ ఏడు అయ్యవారు మమ్మల్ని తలా ఒక ఊరి పండగకు పొమ్మన్నారు, సేవ చేసినట్టు రాసుకోవచ్చని. మా ఊరికి నేనొక్కడినే. భుజాన గుడ్డసంచి, అందులో పెద్దమ్మ పాతకోక పీలికలు. నన్ను వీధి చివర నీడలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాకా ఎవరికీ ఏమీ కాలేదు. నిజం చెప్పాలంటే నాకు విసుగు పుట్టింది.

పక్కింటి అన్న పట్టింది తెల్ల ఎద్దును. మెడ చుట్టూ చేతులు వేశాడు, పలక తాడు చేతికి చిక్కింది కూడా. ఎద్దు తల విసిరింది. జనం ముందు ఈల వేశారు, తరువాత అరిచారు. నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి గోడవారగా కూర్చుని రెండు చేతులతో పొట్ట పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం. పలక అన్న పక్కనే పడి ఉంది, దాని మీద పచ్చ తువ్వాలు.

మా అరుగు మీద ఎన్ని సాయంత్రాలు కట్టానో అలాగే మడత పెట్టి, అదిమి, కట్టు కట్టాను. చుట్టూ ఉన్నవాళ్లలో కాఫీపొడి తెమ్మన్నవాడొకడు, పసుపు తెమ్మన్నవాడొకడు. అందరినీ దూరంగా జరగమన్నాను. జరిగారు. అంత పెద్ద పెద్ద మనుషులు నా మెడలో రుమాలు చూసి జరిగారు. ఆ క్షణాన నాకు కలిగింది గర్వమే. దానికి వేరే పేరు పెట్టను.

అప్పుడు అన్న నీళ్లు అడిగాడు.

పెద్దమ్మ చెంబుతో పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను. కడుపులో గాయమైతే నీళ్లు తాపకూడదు. గ్రౌండులో అరిచినట్టే చెప్పాను.

"నా బిడ్డ అడగతా ఉండాడు. అడ్డం లే నాయనా" అంది పెద్దమ్మ.

మా నాయన ఆమె చేయి పట్టుకుని ఆపాడు. "వాడు నేర్సుకోనుండాడు వదినా. వాని మాట ఇను. ఆసుపత్రికి పోతానే తాపుదురులే."

బెల్లం దించి తిరిగి వస్తున్న లారీని ఆపి అందులో ఎక్కించారు. అన్న తల నా ఒడిలో. ఒకవైపు నాయన, ఒకవైపు పెద్దమ్మ, ఆమె ఒడిలో ఆ చెంబు. లారీ అడుగుభాగమంతా బెల్లం జిగురు, ఈగలు. రోడ్డు గుంతల్లో లారీ ఎగిరినప్పుడల్లా చెంబులో నీళ్లు తొణికి పెద్దమ్మ చీర మీద పడేవి. అన్న కళ్లు ఆ చెంబు మీదే ఉన్నాయి. అడుగుతూనే ఉన్నాడు. మొదట గట్టిగా, తరువాత గొణుగుతున్నట్టు. చివరకు నా చొక్కా పట్టుకుని, "నాలిక తడిపితే సాలురా అబ్బోడా" అన్నాడు. పెదవులు పగిలి తెల్లగా పొక్కు లేచాయి. పెద్దమ్మ నా వైపు చూసింది. నాయన నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఊరి పొలిమేర దాటి చాలా దూరం వచ్చాక, ఆసుపత్రి ఇంకా కనబడకముందే, నా చొక్కా పట్టుకున్న చేయి వదులైపోయింది.

ఆసుపత్రిలో, సొమ్మసిల్లిన పెద్దమ్మను బయట వరండాలో పడుకోబెట్టి నాయన పక్కన కూర్చున్నాడు. చెంబు ఎవరు ఇచ్చారో, నా చేతిలో ఉంది. లోపల వయసు మళ్లిన ఒక నర్సమ్మ అన్న పొట్ట మీద కట్టు విప్పి చూసి, ఎవరు కట్టారని అడిగింది. నేనేనన్నాను. నన్నూ, నా దుస్తుల్నీ, ఎండిపోయిన రక్తాన్నీ చూసింది.

"బాగా కట్టినావు నాయనా. ఈ గాయానికి మేమైనా నిలపలేము. నీళ్లేమన్నా తాపినారా?"

"లేదు" అన్నాను. ఆ మాటకు మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"మంచిపని చేసినావు. పెదాలన్నా తడపతా వచ్చినారా?"

నేను చేతిలోని చెంబు వైపు చూశాను. ఆమె నా మెడలో రుమాలు ముడి విప్పి, నా చేతిలోని చెంబులోనే ముంచి, పిండి, అన్న పెదవులు తుడిచింది. మెల్లగా, ఒక మూల నుంచి ఇంకో మూలకు. నాలుక మీద కూడా అద్దింది. బతికున్నవాళ్లకు చేసినట్టే చేసింది. "తాపకూడదంటే తడపకూడదని కాదు నాయనా. ఇంగొకరికైనా పనికొస్తుంది, మనసులో పెట్టుకో" అని రుమాలును మళ్లీ నా మెడలో వేసింది. ఆ తడి నా మెడకు తగిలింది. ఆ రుమాలు పొద్దున్నుంచీ అక్కడే ఉంది. లారీలోనూ అక్కడే ఉంది. చెంబులో నీళ్లూ ఉన్నాయి.

ఇది జరిగిన కొద్ది రోజులకే జెండా పండగ వచ్చింది. డ్రిల్లు అయ్యవారు నన్ను వేదిక మీదకు పిలిచి, గాయపడినవాడి కన్నతల్లి బతిమాలినా నియమం తప్పలేదని, క్రమశిక్షణ అంటే ఇదేనని మైకులో చెప్పి నా జేబు మీద బ్యాడ్జి గుచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. మా నాయన కూడా కొట్టాడు. ఆయన్ను నేను తప్పుపట్టను, కొడుకును వేదిక మీద చూస్తే ఏ తండ్రికైనా చేతులు ఊరుకోవు. కానీ ఆ అయ్యవారి మీద కోపం మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు. ఆయన పోయి చాలా కాలమైంది, కోపం మాత్రం ఇక్కడే ఉంది. సగం జవాబు నేర్పి, ఆ సగానికే బ్యాడ్జి ఇచ్చిన మనిషి ఆయన.

బ్యాడ్జి పెట్టుకుని ఇంటికి వస్తుంటే పెద్దమ్మ వాకిట్లో నిలబడి ఉంది. బ్యాడ్జి చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, "ఎండన పడి వచ్చినావు. తాగు" అంది. తాగాను. చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడింది. నేను చదువు ముగించి ఊరు వదిలేదాకా అది ఆగలేదు. బడి నుంచి వచ్చేసరికి ఆమె వాకిట్లో ఉండేది, చేతిలో చెంబు ఉండేది. దాహం లేకపోయినా తాగేవాడిని. కొడుకు నోట్లో చుక్క నీళ్లు పడకుండా పోయాడని ఊళ్లో ఆడవాళ్లు ఆమె ముందే అనేవారు. ఆమె ఒక్కరోజు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేదో. నర్సమ్మ చెప్పింది ఆమెకు చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఆమెకు మిగిలేది ఇంకొంచెం దుఃఖమే కదా అని మింగేశాను.

చాలా ఏళ్లకు పెద్దమ్మ పేగు మెలిపడి ఆసుపత్రిలో పడింది. ఆమెకు ఎవరూ లేరు కనుక నేనే దగ్గర ఉన్నాను. నోటితో ఏమీ ఇవ్వవద్దన్నారు డాక్టర్లు. సాయంత్రానికి ఆమె నీళ్లు అడగడం మొదలుపెట్టింది. నేను జేబులోని చేతిరుమాలు తీసి, తడిపి, పిండి, ఆమె పెదవుల మీద అద్దాను. నాలుక బయటపెట్టి ఆ తడిని అందుకుంది. కళ్లు మూసుకుంది. కొంచెంసేపటికి తెరిచింది.

"దాహం తగ్గిందిరా. ఇట్ల చేస్తే ఏం కాదా?"

"ఏం కాదు పెద్దమ్మా. తాపకూడదు గానీ తడపొచ్చు."

ఆమె నా చేతిలోని గుడ్డను చూస్తూ ఉండిపోయింది.

"ఆ పొద్దు గూడా చేసుండొచ్చునా?"

అబద్ధం చెప్పగలిగి ఉంటే అప్పుడే చెప్పేవాడిని. ఆమె చూపు ముందు నాకు చేత కాలేదు. "చేసుండొచ్చు పెద్దమ్మా. మాకు అది నేర్పలేదు" అన్నాను.

పెద్దమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ పెదవులు తడపబోతే చేత్తో పక్కకు నెట్టింది. పోయేదాకా నీళ్ల మాట ఎత్తలేదు.

ఇప్పుడు మా ఊరి పశువుల పండగకు అంబులెన్సు వచ్చి నిలబడుతోంది. కుర్రవాళ్లు ఒక చేత్తో ఫోను పట్టుకుని ఎద్దు వెంట పరిగెత్తుతున్నారు. నేను పోను. బ్యాడ్జి ఎక్కడ పోయిందో తెలియదు, వెతకలేదు కూడా. నేను అన్నకు చేసింది తప్పని ఇన్నేళ్లలో ఏ డాక్టరూ అనలేదు, అందరూ సరైన పనే అన్నారు. ఆ మాట వినడమే నాకు అన్నిటికన్నా చేదు. బయటికి వెళ్లేటప్పుడు నా జేబులో రెండు చేతిరుమాళ్లు ఉంటాయి. ఒకటి నా చెమట తుడుచుకోవడానికి. రెండోది ఉతికి మడిచి ఉంటుంది, దానితో నేను ముఖం కూడా తుడుచుకోను. రోడ్ల పక్కనా, ఆసుపత్రి వరండాల్లోనూ ఎంతోమంది పెదవులు దానితో తడిపాను. ముంచి పిండిన ప్రతిసారీ, "నాలిక తడిపితే సాలురా" అన్న మాట వినబడుతుంది.