గంప కింది అడుగు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని ఇంటికొచ్చే చుట్టాలకు మా ఆయన ముందే చెప్పేస్తాడు. న్యాయమే. కరువు ఏడాది మా బావిలో కప్పలు దాహమేసి, బొక్కెనలో ఎక్కి పైకొచ్చి నీళ్లడిగేవని చెప్పింది నేనే. ఒకరిద్దరు నమ్మారు కూడా. అయితే ఈ మూగ సినిమా సంగతిలో తీసేయడానికేమీ లేదు.

మా ఊరు బెళుగుప్ప దాపున. నాకప్పుడు పదేళ్లు. నా కోతలు భరించలేక ఊళ్లో పిల్లలు నన్ను ఆటల్లోంచి వెలేశారు. గొర్రెలు మేపేవాళ్ల పిల్ల ఒక్కతే నాతో తిరిగేది. అది నన్ను నమ్మేదని కాదు. "గుట్ట దగ్గర చిరుతను చూసినా" అని నేనంటే, "దాని అడుగు యాడుండాది? చూపీ" అనేది. చూపించలేకపోతే నవ్వేది. కానీ లేచిపోయేది కాదు.

ఒకసారి నాయన వేరుశెనక్కాయల బండితో ఉరవకొండకు పోతూ మా ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. సాయంత్రం డేరా సినిమాకు తీసుకుపోయాడు. ఇసుకలో కూర్చున్నాం. అసలు సినిమా రీళ్ల పెట్టె గుంతకల్లు బస్సులో రావాలట, బస్సేమో రాలేదు. జనం ఈలలు వేస్తుంటే డేరా ఆయన ఓ పాత మూగ రీలు తిప్పాడు. అందులో నలుగురు దొరల పిల్లలు దొంగను పట్టే పోలీసుల్లా వేషం కట్టారు. ఒకడికి చెవుల దాకా టోపీ, ఒకడి చేతిలో భూతద్దం. కిటికీ కింద మట్టిలో బూటు గుర్తులు పడి ఉంటే, నాలుగు కాళ్ల మీద పాకుతూ వాటి వెంట పోతున్నారు. నోళ్లు ఆడుతున్నాయి, మాట లేదు.

మా గొర్రెలవాళ్ల పిల్ల దిగ్గున లేచి నిలబడింది.

"ఒరే, మడమ ఈ పక్కుండాది కదరా! వాడు ఆ పక్కకు పోయినాడు!"

"కూర్చోమ్మే, తెరకు అడ్డం!" అని ఎవరో కసిరారు.

"పిల్ల చెప్పేది నిజమేనప్పా. ఎనక్కి పోతాండారు ఎదవలు," అన్నాడు మా వెనక ఒక ముసలాయన.

డేరా అంతా నవ్వింది. తెర మీద పిల్లలు మాత్రం పాక్కుంటూ పోయి పిండి తొట్టిలో పడ్డారు.

ఊరికొచ్చాక మేమూ సీఐడీలమయ్యాం. నూరు గొర్రెల్లో తప్పిపోయిన ఒక్కదాని జాడ తీయడం ఆ పిల్లకు వాళ్ల తాత నేర్పాడు. మనుషుల జాడ దానికొక లెక్క కాదు. మా ఇంట్లో కుండలో బెల్లం తరిగిపోతుంటే నేల మీద బూడిద చల్లాం. పొద్దున్నే చూసి, "ఈ అడుగు మీ అవ్వదే," అని తేల్చేసింది.

"నా ఇంట్లో బెల్లం నేను తింటే దొంగతనమంటారేమే?" అని అవ్వ ఎగిరింది.

"మరి పిల్లి తినిందంటివి కదవ్వా!"

మరుసటి ఏడు వాన మొహం చాటేసింది. మేత లేక గొర్రెలవాళ్లు తుంగభద్ర కాలువల వైపు కదిలారు. వాళ్లు పోయే ముందురోజు నాలుగు చినుకులు రాలాయి. ఆ పిల్ల మా పెరట్లోకి వచ్చి తడి మట్టిలో నిలబడింది.

"పొద్దున పోతాండాము."

"మళ్లా ఎప్పుడొస్తావు?"

"నాకేం తెలుసు? గొర్రెలనడుగు."

తెల్లారి చూస్తే దాని ఎడమ కాలి అడుగు అక్కడ గట్టిపడి ఉంది. బొటనవేలి కన్నా రెండో వేలు పొడుగు. మడమలో ముల్లు తీసిన చోట నొక్కు. కోళ్లు తొక్కకుండా దాని మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టాను.

రోజూ మధ్యాహ్నం ఊరు మాగన్నుగా ఉన్నప్పుడు గంప ఎత్తి చూసేదాన్ని. పక్కన కూర్చుని కొత్త కోత ఒకటి చెప్పేదాన్ని. గుర్తు యాడుండాదని అడిగేవాళ్లు లేక ఆ కోతలు ఊరికే సాగిపోయేవి, ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు.

అలా ఉండగా ఊళ్లో వాన కోసం కప్పను ఊరేగించారు. రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, ఇద్దరు ఆడపిల్లలు రెండు కొసలు పట్టుకుని పాడుతూ ఇల్లిల్లూ తిరగాలి. గడప గడపకూ కప్ప మీద నీళ్లు పోస్తారు. ఒక కొస నాకిచ్చారు. ఊరంతా వాన కావాలంటోంది. వాన పడితే గంప కింది అడుగు పోతుంది. పాడకుండా, మూగ సినిమాలో పిల్లల్లా పెదాలు మాత్రం ఆడించాను.

అవ్వ కనిపెట్టింది. "ఏమే, నోరు ఆడిస్తాండావు, కూత యాడ పోయింది?"

పక్కకు లాక్కుపోయి గట్టిగా అడిగితే చెప్పేశాను. అవ్వ నవ్వలేదు.

"పిచ్చిదానా, వాన పడి గడ్డి మొలిస్తేనే కదా గొర్రెలోళ్లు తిరిగొచ్చేది!"

మిగిలిన రెండు వీధులూ గొంతు పోయేలా పాడాను. మర్నాడు మాట రాలేదు.

పదిరోజులకు, పట్టపగలు వాన పట్టుకుంది. అందరూ వాకిళ్లలో తడుస్తున్నారు. నేను పెరట్లోకి పరిగెత్తాను. గంప అంచు కిందికి నీళ్లు చేరుతున్నాయి. ఒక చేత్తో రమ్మని, ఇంకో చేత్తో వద్దంటే వానకేమని అర్థమవుతుంది? రాయి తీసి, గంప ఎత్తేశాను. ముందు మడమ నొక్కు నిండింది. తర్వాత వేళ్లు. రెండో వేలు కాస్త ఆగింది. ఆగిందని నేనే అనుకుంటున్నానేమో.

గడ్డి మొలిచింది. మూడు ఇళ్ల గొర్రెలవాళ్లు వచ్చారు. ప్రతి మంద వెనకా చూశాను. చివరి మందతో వచ్చిన ఇంకో ఇంటి తాతను దారిలోనే నిలేశాను.

"వాళ్లు రారు పాపా. గొర్రెలన్నీ రోగమొచ్చి పోయినాయి. ఆడనే వరి మడి పనికి కుదురుకున్నారు."

"నాకేమన్నా చెప్పమనిందా తాతా?"

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి ఆలోచించాడు. పాపం, అబద్ధం చేతకాని మనిషి.

"లేదు పాపా. ఏమీ చెప్పలా."

ఇంటికొస్తే అవ్వ చేటలో కొర్రలు చెరుగుతోంది. "ఏమంటాడా తాత? నీకేమన్నా చెప్పి పంపిందా పిల్ల?"

"పంపింది," అన్నాను.

"ఏమని?"

కాలువ దగ్గర అదొక పెద్ద దొంగను పట్టిందని మొదలుపెట్టాను. దొరసాని ఒకామె దానికి నిజం భూతద్దమే ఇచ్చిందన్నాను. నేను వచ్చేదాకా కొత్త కేసులు ముట్టుకోనని కబురు చేసిందన్నాను. చాలాసేపు చెప్పాను. అవ్వ చేట పక్కన పెట్టి, ఊ కొడుతూనే ఉంది.