తూర్పుకు తిరిగిన పన్నెండు యాంటెన్నాలు

మేడ ఎక్కి ఆకాశంతో బేరమాడితే గాని ఇంట్లో బొమ్మ కనిపించని కాలమది. ఒకరు పైన గొట్టాన్ని తిప్పుతూ "వచ్చిందా" అని అడిగేవారు, మరొకరు కిటికీ దగ్గర నిలబడి "రాలే, ఇంక జర" అనేవారు, మూడోవారు టీవీ ముందు కూర్చుని "వచ్చింది, పోయింది" అని తీర్పు చెప్పేవారు. ఈ త్రిపాత్ర సంభాషణ ఆ రోజుల్లో ప్రతి ఆదివారమూ అమీర్‌పేట సందులన్నిటా వినిపించేది. ఒక ఇంటివారి కలిమి తెలుసుకోవడానికి గుమ్మందాకా పోనక్కరలేదు. డాబా మీద చేపముల్లు వంటి అల్యూమినియం కడ్డీల వరుస ఉన్నదో లేదో వీధిలోంచి చూస్తే చాలు. ఆ చేపముళ్లను తయారుచేసి అమ్మినవారిలో నేనూ ఒకణ్ణి. ఈ మాట ఇప్పుడు చెబితే నా శిష్యులు నమ్మరు. (అప్పట్లో మా మామగారు కూడా పూర్తిగా నమ్మలేదు.)

భాషాప్రవీణ పట్టా చేతికి వచ్చిన తరువాత, తెలుగు పండితుని కొలువు కోసం రెండేళ్లపాటు నేను పంపిన అర్జీలు ఏ లోకానికి పోయాయో తెలియదు గాని, ఒక్కదానికీ జవాబు రాలేదు. ఎర్రమంజిల్ కార్యాలయాలలో ఒకదానిలో పనిచేస్తుండిన మా మామగారు నా ప్రబంధపాఠం ఓపికగా విని విని, ఒకనాడు "ఏదైనా ఒక వస్తువు తయారుచెయ్యి నాయనా, చేతికి తగిలేది" అన్నారు. అమీర్‌పేటలో తమ మిత్రునిదైన రేకుల షెడ్డు ఖాళీగా ఉంటే అద్దెకు ఇప్పించారు. బోరబండ నుంచి సైకిలు మీద వచ్చే ఒక ఫిట్టరును కూడా ఆయనే వెతికిపెట్టారు. నాకంటే పదేళ్లు పెద్దవాడు కనుక నేను ఆయనను భాయ్ అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను సార్ అనేవాడు. గొట్టాలు కోయడం, రంధ్రాలు వేయడం, కడ్డీలు బిగించడం, వైరు కలపడం ఆయన పని. షెడ్డు తలుపు తీయడం, అగరువత్తి వెలిగించడం, తయారైన సరుకుకు పాత వార్తాపత్రికలు చుట్టడం యజమానినైన నా పని. ఒకసారి ఉత్సాహం పట్టలేక డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాను. నేను వేసిన రంధ్రాలలో కడ్డీలు దూర్చి చూస్తే, ఆ యాంటెన్నా వానలో తడిసి ఈకలు చెదిరిన నెమలిలా తయారయింది. భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా, "సార్, మీరు కాయితం పని చూసుకోండ్రి" అన్నాడు.

కాగితం పని అనగానే నాలో నిద్రపోతున్న పండితుడు లేచి కూర్చున్నాడు. వస్తువుతో పాటు ఒక సూచనాపత్రం ఉండవద్దా? మూడు రోజులు కూర్చుని రచించాను. "వినియోగదారమహాశయా, ఈ దూరదర్శనగ్రాహక శలాకాసముదాయమును సౌధోపరిభాగమున, సమున్నతస్తంభాగ్రమున, హ్రస్వశలాకలు ముందునకు నిలుచునట్లు, ప్రాఙ్ముఖముగా ప్రతిష్ఠించునది" అని ఆరంభమై, పత్రం రెండు పుటలు సాగింది. ప్రాఙ్ముఖం అంటే తూర్పుమొగం. ఆ సంగతి నేను ఊహించి రాసింది కాదు. భాయ్ ప్రతి యాంటెన్నానూ షెడ్డు పైనున్న గుంజకు కట్టి పరీక్షించేటప్పుడు ఎల్లవేళలా తూర్పుకే తిప్పేవాడు. "ఎప్పుడూ అటేనా భాయ్" అని అడిగితే, "అవ్ సార్, గటే" అన్నాడు. కారణం అడగాలని నాకు తోచలేదు. సంధ్య వార్చేది తూర్పుకు, దీపం పెట్టేది తూర్పుకు, ఆకాశం నుంచి వచ్చే వస్తువును ఆహ్వానించడానికి వేరే దిక్కు ఎందుకుంటుంది అనుకుని తృప్తిపడ్డాను.

మా సరుకంతా కొనేవాడు పంజాగుట్టలో టీవీల దుకాణం పెట్టిన సేఠ్ ఒక్కడే. నేతపని చేసే కుటుంబంలో పుట్టి, మొదట చీరలమ్మి, చీరలు విడిచి టీవీలు పట్టుకున్నవాడు. మా పత్రాన్ని దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరగా పట్టుకుని ఒకసారి చూసి, "ఏం రాసినవో సమజ్ గాలే పంతులూ. గని మస్తుగుంది" అన్నాడు. నాకు అది చాలింది. అమీర్‌పేట, పంజాగుట్ట, యూసుఫ్‌గూడలలో ఎవరు కొన్నా భాయ్ స్వయంగా వెళ్లి బిగించి వచ్చేవాడు కనుక, ఆ పత్రాన్ని చదివే అవసరం ఎవరికీ కలగలేదు. (ఒక ఇంట్లో దానిమీద వడియాలు ఎండబెట్టగా చూశాను. గొప్ప కృతులకు అటువంటి గతి పట్టడం చరిత్రలో కొత్త కాదని సరిపెట్టుకున్నాను.)

ఇట్లా ఉండగా సేఠ్ నలభై యాంటెన్నాలు ఒక్కసారిగా కావాలన్నాడు. వాటిలో పన్నెండు ఘట్‌కేసర్‌లో కొత్త దుకాణం తెరిచిన తన బామ్మర్దికి పంపాడు. అక్కడ బాగా నడిస్తే ఏడాది పొడుగునా మా షెడ్డుకు పని ఉంటుందన్నాడు. భాయ్ తన సైకిలుకు కొత్త టైర్లు వేయించుకున్నాడు. నేను షెడ్డుకు పేరు పెట్టే విషయమై నిఘంటువు తిరగేస్తున్నాను. ఆ శనివారమే సేఠ్ నన్ను దుకాణానికి పిలిపించాడు.

"పన్నెండు ఇండ్లల్ల బొమ్మ లేదు పంతులూ. తెర మీద ఒట్టి మంచు కురుస్తున్నదట. రేపు సాయంత్రం సినిమా ఉంది. అప్పటిదాక బాగైతే సరే. లేకుంటే నా దగ్గరున్నయి సుత వాపస్ తీస్కపో. ఇగ షెడ్డుకు తాళమేసి పద్యాలు పాడుకో."

మరునాడు మధ్యాహ్నానికి భాయ్, నేనూ రైలు దిగి ఘట్‌కేసర్ చేరాము. బామ్మర్ది మమ్మల్ని మొదటి ఇంటి డాబా ఎక్కించాడు. అక్కడినుంచి చూస్తే మా పన్నెండు యాంటెన్నాలూ పన్నెండు కప్పుల మీద, ఒక్క వేలెడు తేడా లేకుండా, సంధ్య వార్చే బ్రహ్మచారుల పంక్తిలా తూర్పుకు తిరిగి నిలబడి ఉన్నాయి. నాకు కళ్లు చెమర్చాయి. భాయ్ మాత్రం నోరు తెరిచి చూస్తున్నాడు.

"గివన్ని ఉల్టా ఎవరు పెట్టిండ్రన్నా?"

"ఉల్టా ఏంది? కాయితంల ఉన్నట్టే పెట్టినం" అన్నాడు బామ్మర్ది. "నాకు అర్థం గాక మా తెలుగు పంతులుగారి దగ్గరికి తీస్కపోయిన. ఆయన ఒక్కొక్క మాట విప్పి చెప్పిండు. పన్నెండు ఇండ్లకు ఆయననే దగ్గరుండి పెట్టిపిచ్చిండు."

అతడు నిచ్చెన తేవడానికి కిందికి దిగగానే భాయ్ నా వైపు తిరిగాడు. "సార్, కాయితం మీద తూర్పని రాసిండ్రా?"

"మీరే కదా భాయ్, ఎప్పుడూ అటే అన్నారు?"

"అమీర్‌పేట్‌ల గటే సార్. బొమ్మ పంపే టీవీ స్తంభం రామంతపూర్‌ల ఉంది. మనకు తూర్పు. వీళ్లు దానికి అవతలున్నరు, వీళ్లకు పడమర." పానా బయటికి తీస్తూ మళ్లీ అన్నాడు. "నేను ఉర్దూ సదివిన సార్, తెల్గు రాదు. గా కాయితంల దేవుని పాటేదో ఉందనుకున్న."

నేను పిట్టగోడ మీద కూలబడ్డాను. భాయ్ నా భుజం తట్టి, "ఫికర్ జేయకుండ్రి. ఎవ్వరికి చెప్పేదేం లేదు, తిప్పుకుంట పోదాం" అన్నాడు. అట్లాగే తిప్పుకుంటూ పోయాము. బామ్మర్ది అడిగినప్పుడల్లా భాయ్ "గాలికి తిరిగింది" అన్నాడు. (పన్నెండింటినీ ఒకే దిక్కుకు తిప్పిన ఆ క్రమశిక్షణగల గాలి గురించి అతడు మరేమీ అడగలేదు.) పదకొండు ఇళ్లలో బొమ్మ వచ్చింది. పన్నెండోది ఆ తెలుగు పంతులుగారి ఇల్లు. టీవీ లేని చుట్టుపక్కలవారంతా సినిమా కోసం అక్కడికే చేరారు. ముందు గదిలో చాపలు పరిచి ఉన్నాయి. పంతులుగారు భుజాన కండువాతో, చేతిలో నా పత్రంతో డాబా మీద కాపలా కాస్తున్నారు.

"జర తిప్పనియ్యుండ్రి పంతులుగారూ" అన్నాడు భాయ్.

"తిప్పవద్దు నాయనా. ఇందులో ప్రాఙ్ముఖముగా అని స్పష్టంగా ఉన్నది. తయారుచేసినవారికి తెలియనిది నీకు తెలుసునా?" అని ఆయన గుంజకు అడ్డంగా నిలబడ్డారు. "లోపమేదో టీవీలో ఉన్నట్టుంది. ఈ పత్రం రాసినవాడు సామాన్యుడు కాడు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన గాని, ఒక అమ్మకపు సరుకుకు ఇంత చక్కని వచనం రాసినవాణ్ణి చూడలేదు. సమున్నతస్తంభాగ్రమున, అన్నడు చూడు. గుంజ చివర అంటే సరిపోదా? సరిపోతుంది. కాని అనలేదు."

నా జీవితంలో నా రచనకు లభించిన మొదటి ప్రశంస అది. కింద జనం "ఇంక రాలేదా" అని కేకలు వేస్తున్నారు. భాయ్ నన్ను మోచేత్తో పొడిచాడు. నోరు విప్పితే పక్కనే ఉన్న బామ్మర్ది వింటాడు, రేపటికి సేఠ్ చెవిన పడుతుంది, తప్పు గాలిది కాదు నాదని తేలుతుంది, షెడ్డుకు తాళం పడుతుంది. విప్పకపోతే ఆ పెద్దాయన నా వాక్యాన్ని కాపాడుతూ ఆ సాయంత్రపుటెండలో నిలబడే ఉంటారు. ఆయన నుదుటి చెమట పత్రం మీద పడి, నా దీర్ఘసమాసమొకటి అప్పుడే కరగసాగింది.

"అయ్యా, ఆ పత్రం రాసినవాణ్ణి నేనే" అన్నాను. "దిక్కు తప్పు రాశాను. తూర్పనేది మా అమీర్‌పేటకు చెల్లుతుంది. మీకు పడమర."

ఆయన నన్ను పాదాల నుంచి తల దాకా చూశారు. తరువాత పత్రం చూశారు. మళ్లీ నన్ను చూశారు. చివరకు గుంజ దగ్గరి నుంచి పక్కకు జరిగి, "సమాసాలు నిర్దుష్టంగా ఉన్నయి నాయనా. దిక్కు ఒక్కటే తప్పు" అన్నారు. భాయ్ గుంజను ఒక్క తిప్పు తిప్పాడు. కింద గదిలో కలకలం రేగింది. ఎవరో పెద్దమనిషి తెరమీద వరికి తెగులు మందు ఎట్లా చల్లాలో చెబుతున్నాడట. సినిమాకు ఇంకా పావుగంట ఉంది. చాపల మీద కూర్చున్నవారు ఆ తెగులు మందునే కళ్లార్పకుండా చూశారు.

మర్నాడు భయపడుతూ సేఠ్ ముందు నిలబడ్డాను. బామ్మర్ది అప్పటికే అంతా చెప్పేశాడు. సేఠ్ చాలాసేపు నవ్వి, కళ్లు తుడుచుకుని, "నీ మాల్ మంచిగుంది పంతులూ, నీ తెల్గే జర ఖతర్నాక్" అన్నాడు. సరుకు వాపసు పంపలేదు. కొత్త పత్రం భాయ్ చెప్పినట్టు రాయమన్నాడు. భాయ్ చెప్పాడు, నేను రాశాను. "చిన్న పుల్లలు రామంతపూర్ దిక్కు పెట్టాలె." అంతే. ఆ పత్రం అందిన తరువాత ఎవరూ ఫిర్యాదు చేయలేదు. దానిని ఎవరూ మెచ్చుకోనూ లేదు.

మూడేళ్ల తరువాత నాకు పండితుని కొలువు వచ్చింది. షెడ్డు భాయ్‌కి అప్పగించి వెళ్లాను, నేను లేకుండా అది మరింత బాగా నడిచింది. తరువాత చాలా రాశాను. పీఠికలు, వ్యాఖ్యానాలు, సన్మానపత్రాలు. చదివామన్నవారున్నారు, బాగుందన్నవారున్నారు. ఈ వయసులో కూడా ఏ వాక్యమైనా ముగించగానే, ఘట్‌కేసర్ డాబా మీద కండువాతో నిలబడిన ఆ పెద్దాయన గుర్తుకొస్తారు. నేను రాసిన ఒక్క మాటను నమ్మి, పన్నెండు ఇళ్ల మీద అక్షరాలా అమలుచేసి, నా నుంచి కూడా దానిని కాపాడబోయిన పాఠకుడు నాకు మళ్లీ దొరకలేదు. అందుకేనేమో, తూర్పు అని రాయవలసి వచ్చినప్పుడల్లా, ఇప్పటికీ ఒకసారి కిటికీలోంచి బయటికి చూసి గాని రాయను.