పళ్ళు నానే అరగంట

మా అమ్మమ్మ స్వీడిష్‌లో నోరు విప్పిందంటే ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్ళు సిగ్గుపడి మూగసైగలకు దిగుతారు. రేడియోలో వార్తలు చదివేవాళ్ళు మైకు ఆమె చేతికిచ్చి ఇంటికి పోతారు. చిలకలు ఆమె దగ్గర ట్యూషన్‌కి వస్తాయి. ఇందులో అబద్ధం పాలెంతో మీరే లెక్కేసుకోండి. నిజం మాత్రం ఇది: యాభై తొమ్మిదో ఏట మొదలుపెట్టి ఆమె ఆ భాషకు నోరు తిప్పడానికి దాదాపు రెండేళ్ళు పాటుపడింది. ఆ రెండేళ్ళలో ఆమె అలసిపోని రోజు నేను చూడలేదు.

ఆమె పని స్వీడన్‌లో మేముండే ఊళ్ళోని ఒక వృద్ధాశ్రమంలో. నాలుగంతస్తుల మెట్లు తుడవాలి. పొద్దున్న ఆరింటికి పైనుంచి మొదలుపెడితే కిందికి దిగేసరికి మోకాళ్ళు బుంగల్లా వాచేవి. ఇంటికొచ్చి వేడినీళ్ళ సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో వాలిందంటే, అన్నానికి పిలిచినా పలికేది కాదు.

డాక్టరు మెట్లు మానమన్నాడు. మానితే ఇల్లు గడవదు. అదే ఆశ్రమంలో, రెండో అంతస్తు వార్డులో ఒక ఉద్యోగం రెండేళ్ళలో ఖాళీ కాబోతోంది. ముసలివాళ్ళకు తినిపించడం, మందులు అందించడం, అవసరమైతే ఫోనెత్తి నర్సుకు చెప్పడం. మెట్ల బెడద లేదు. కాకపోతే ఫోనులో చెప్పింది అవతలివాళ్ళకు అర్థం కావాలి కనుక ఉచ్చారణ పరీక్ష నెగ్గాలి. రెండే అవకాశాలు.

అమ్మమ్మకు మాటలు వచ్చు, పలకడమే రాదు. సాయంత్రం తరగతిలో చేరింది. అక్కడ పంతులమ్మ "ఈ" అనమనేది, అంటూనే పెదాలు మాత్రం "ఊ" అన్నట్టు సున్నా చుట్టమనేది. సున్నా చుట్టగానే అమ్మమ్మకు నిద్ర పట్టేసేది. మూడో వారం గురక కూడా పెట్టడంతో, కాస్త ఓపిక వచ్చాక రమ్మని పంతులమ్మ మెల్లగా ఇంటికి పంపేసింది.

"గురకలో కూడా సున్నా చుట్టే ఉంచావా అమ్మమ్మా?" అన్నాను.

"నోర్ముయ్యవే. బడి మానేసి ఇంట్లో కూర్చున్నదానివి, నువ్వా నన్ననేది?"

పదో తరగతి సగంలో వదిలేసిన మాట నిజమే.

అప్పుడు దొరికాడు ట్రాము తాత. ఆశ్రమంలోనే మూడో అంతస్తులో ఉంటాడు. నలభై ఏళ్ళు ట్రాము నడిపినవాడు, స్టాపుల పేర్లన్నీ ఇప్పటికీ వరసగా అప్పజెబుతాడు. మధ్యాహ్నం రెండింటికి అమ్మమ్మకు అరగంట విరామం. ఆ అరగంట ఆయన గదిలో కూర్చునేది. ఆయన ఒక స్టాపు పేరు చెబితే ఈమె తిరిగి చెప్పాలి. ఆమె మాటను తుంచేసినప్పుడల్లా ఆయన, "బ్రేకు అంత గట్టిగా వెయ్యకమ్మా, లోపల జనం పడిపోతారు," అనేవాడట.

ఇంటికొచ్చాక నాచేత అద్దం పట్టించేది. తెలుగులో శుభ్రంగా వచ్చే "స"ను స్వీడిష్‌లోకి రానివ్వకుండా ఆపడానికి ఎంత తంటాలు పడిందో! "వాళ్ళ స వేరే. నాలుక కొసన పుట్టదు, బుగ్గల్లోంచి గాలిలా జారాలి," అంటూ అద్దమంతా తుంపర్లు చేసేది. నేను తుడిచేదాన్ని.

ఏడాదిన్నరకు మొదటి పరీక్ష. పరీక్ష పెట్టే ఆవిడ పది నిమిషాలు విని పెన్ను కింద పెట్టిందట.

"మీ మాటలో రాగం అచ్చం ఇక్కడ పుట్టినవాళ్ళదే. కానీ, ఏమనుకోకండి, మీ పళ్ళకేమైనా ఇబ్బందా?"

అమ్మమ్మ నోరు బార్లా తెరిచి చూపించింది. ఒక్కటీ ఊడలేదు.

"మరి ఎవరు నేర్పారు మీకు?"

చెబుతూ చెబుతూ ఉండగా అమ్మమ్మకు వెలిగింది. భోజనాలయ్యాక ఆశ్రమంలో అందరి కట్టుడుపళ్ళూ కడిగి మందునీళ్ళలో నానబెడతారు. రెండు నుంచి రెండున్నర దాకా. ఆ గిన్నె రోజూ ఆమె కళ్ళముందే ఉంది. పుట్టినప్పటినుంచీ మాట్లాడే భాషకు పళ్ళతో పనేమిటి అనుకుందట. బోసినోటి భాషను పొల్లుపోకుండా నేర్చేసుకుంది.

నేను నేలమీద దొర్లి నవ్వాను. ఆమె నవ్వలేదు. చెప్పులైనా విప్పకుండా కూర్చుని మోకాలు రుద్దుకుంటూ, "ఏడాదిన్నర పోయిందే," అంది.

రెండో పరీక్షకు మూడు నెలల గడువు. సంగతి విన్న ట్రాము తాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, గిన్నెలోంచి పళ్ళు తీసి పెట్టుకున్నాడు. "పద, మొదటి స్టాపు నుంచి మళ్ళీ వద్దాం," అన్నాడు. ఆ వారం అమ్మమ్మ బకెట్టు మోయడానికి నేనూ వెళ్ళాను. ఆయన "స" కత్తిలా పలికాడు. మూడు రోజులకే అమ్మమ్మ నోట కూడా పదును కనిపించింది. నాలుగో రోజు ఆయన మూతి తుడుచుకున్న రుమాలు మీద ఎర్రటి మరక. చిగుళ్ళు ఒరుసుకుపోయాయి. తినే కాసేపు తప్ప ఆయన ఆ పళ్ళను భరించలేడు.

"నాకేం నొప్పి లేదు. తర్వాతి స్టాపు చెప్పు," అన్నాడు.

అమ్మమ్మ లేచి గిన్నె ఆయన గడ్డం కింద పట్టింది. "తియ్యండి."

"మరి నీ పరీక్ష?"

"తియ్యండి ముందు."

ఆ తర్వాత కూడా రోజూ రెండింటికి వెళ్ళింది. పళ్ళు మాత్రం గిన్నెలోనే. ఇంట్లో నేను తెలుగు "స" గుర్తుచేసి వెంటపడేదాన్ని. ఒళ్ళు తేలిగ్గా ఉంటే వచ్చేది, అలసిపోతే మళ్ళీ గాలే. పరీక్ష కూడా పని దిగిన సాయంత్రమే పెట్టారు.

పోయింది. వార్డు ఉద్యోగం ఇంకొకరికిచ్చారు. సోమవారం ఆరింటికి అమ్మమ్మ మళ్ళీ నాలుగో అంతస్తులో తేలింది.

ఇదంతా రాసి ఆదివారం మధ్యాహ్నం ఆమెకు చదివి వినిపించాను. కుర్చీలో కళ్ళు మూసుకునే వింది.

"చివర్లో ఏదైనా మంచిమాట కలపనా అమ్మమ్మా? నీ మంచితనం చూసి వాళ్ళే పిలిచి ఉద్యోగమిచ్చారనో, ఏదో ఒకటి?"

"ఫెయిలయ్యానని రాయి. రాసి, నన్ను కాసేపు పడుకోనీ."