చెత్త వంతు తప్పిన నాయకుడు

ఆ రోజుల్లో జర్మనీలోని పాడర్‌బోర్న్ మొత్తానికి ముప్పై ఆరేళ్ల విద్యార్థి నేనొక్కణ్ణే అంటే అతిశయోక్తి కావచ్చు గానీ, మా హాస్టల్ మూడో అంతస్తు వరకూ అది చారిత్రక సత్యం. హైదరాబాద్‌లో నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలి మాస్టర్స్‌కి వచ్చానో లేదో, లోకాన్ని కరోనా పట్టుకుంది. క్లాసులు లాప్‌టాప్‌లోకి దూరాయి, నేను గదిలోకి దూరాను. నాలుగడుగులు వేస్తే కిటికీ, వెనక్కి నాలుగేస్తే తలుపు. ఆ చలికాలం నేను తిరిగిన తిరుగుడుకి కాలినడకన కరీంనగర్ వెళ్లి (మధ్యలో టీలు తాగుతూ) తిరిగి రావచ్చు.

ఫ్యామిలీ గ్రూపులో మా బావమరిది "ఈ వయసులో చదువా బావా" అంటూ రోజుకో దండం బొమ్మ పెట్టేవాడు. వాడి నోరు మూయించే కాగితం ఒక్కటి కావాలి నాకు. సరిగ్గా అప్పుడే మెయిలొచ్చింది. అమెరికా కాలేజీల తరహాలో, నాయకత్వం చూపిన విద్యార్థులకు బ్యాడ్జీ, సర్టిఫికెట్ ఇచ్చే ఒక గౌరవ సంఘం దరఖాస్తులు పిలుస్తోంది. ముందు ఇంటర్వ్యూ, ఆ తర్వాత మీరు నడిపించినవాళ్లలో ఒకరి ఉత్తరం జతచేయాలి. నేను నడిపించింది ఎవర్ని? నన్ను నేనే, కిటికీ నుంచి తలుపు దాకా.

నిజానికి మా అంతస్తులో నాయకత్వానికి లోటు లేదు, అది నాది కాదు, అంతే. కరీంనగర్ నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ల అమ్మాయి ఉండేది, మేస్త్రి అని పిలిచేవాళ్లం. క్వారంటైన్‌లో పడ్డవాళ్ల తలుపు ముందు పాలు, కూరగాయలు పెట్టడం, ఆరుగురికీ వంట వేళలు పంచడం, వారానికొకరు కిచెన్ కడిగి చెత్త వేరుచేసి పడేయాలని ఫ్రిజ్ మీద పుట్జ్‌ప్లాన్ అనే వంతుల పట్టిక అంటించడం, అన్నీ తనే. ఆ కాగితం అంటించేటప్పుడు నేను టేపు పట్టుకున్నాను. దరఖాస్తులో అది "నలభై మందికి ఆహార సరఫరా, పారిశుధ్య వ్యవస్థ రూపకల్పన" అయింది. (మిగతా ముప్పై నాలుగు మంది ఎవరని అడక్కండి, కీబోర్డు ఊపులో ఉంది.)

ఇంటర్వ్యూ పదకొండింటికి. ఆరింటి నుంచే టై కట్టుకుని గదిలో గిరగిరా తిరిగాను, ముడి విప్పి మళ్లీ ఏడుసార్లు కట్టాను. తెరమీద తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ. ఆవిడకు నా పారిశుధ్య సిద్ధాంతం మూడో అధ్యాయం వివరిస్తుండగా తలుపు తెరుచుకుంది. మేస్త్రి. ఒక చేతిలో నా పాల ప్యాకెట్, రెండో చేతిలో ప్లాస్టిక్ చెత్త వేసే పసుపురంగు సంచి, కారుతూ.

"అన్నా, ప్లాస్టిక్ సంచిల మళ్ల కరివేపాకు ఏసినవ్. రెండు వారాలాయె నీ వంతు చేయక. తీస్తవా, నీ మంచం మీద కుమ్మరియ్యాల్నా?"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ అమ్మాయి ఏమంటోందని ప్రొఫెసరమ్మ అడిగారు. నా ఆదేశాల కోసం వచ్చిందని ఇంగ్లీషులో చెప్పాను.

"గొంతు అలా లేదే," అన్నారావిడ.

మేస్త్రికి ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చన్న సంగతి నాయకుడు మర్చిపోయాడు. అదంతా విన్న తను పాల ప్యాకెట్ బల్లమీద పెట్టింది. నేను క్వారంటైన్‌లో మూలిగిన పద్నాలుగు రోజులూ తలుపు ముందు పాలు పెట్టింది ఆ చెయ్యే. బావమరిదినీ సర్టిఫికెట్‌నీ పక్కనపెట్టి టై ముడి వదులు చేసుకున్నాను.

"నన్ను తిడుతోందండీ," అన్నాను. "ఆ వ్యవస్థంతా తనదే. నేను టేపు పట్టుకున్నాను."

ప్రొఫెసరమ్మ పడీపడీ నవ్వి, కెమెరా మేస్త్రి వైపు తిప్పమన్నారు. పావుగంట సేపు వాళ్లిద్దరూ చెత్త గురించి మాట్లాడుకున్నారు. టైతో సహా నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆవిడే మేస్త్రిని దరఖాస్తు పెట్టమన్నారు. మరి నడిపించబడినవాడి ఉత్తరమో? మేస్త్రి నావైపు చూసి, "రాయి అన్నా, అబద్దం లేకుంట," అంది. నాలుగు పేజీలు రాశాను. తను మూడున్నర కొట్టేసింది.

నెల తర్వాత పోస్టులో మేస్త్రికి బ్యాడ్జీ వచ్చింది. తీసుకెళ్లి పుట్జ్‌ప్లాన్ కాగితానికి గుచ్చింది, సరిగ్గా నా పేరు పక్కన. నేను నా ఉత్తరం ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. బావమరిది మళ్లీ దండం బొమ్మే పెట్టాడు, కింద "ఇది మేస్త్రికి" అని రాసి.

ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ ఆఫీసులో నా పేరు కింద టీమ్ లీడ్ అని ఉంటుంది. వీడియో ఇంటర్వ్యూల్లో కుర్రాళ్లు గొప్పలు మొదలుపెడితే ఆపబుద్ధి కాదు. ఏడుసార్లు టై కట్టుకున్న ఆ పెద్దమనిషే కళ్లముందు తిరుగుతాడు. వింటూ, వాళ్ల వెనకున్న తలుపు వైపు చూస్తుంటాను, ఎవరైనా సంచి పట్టుకుని వస్తారేమోనని.