సున్నాలు చేర్చిన పట్టిక

లోకంలో రోత పనులు చాలా ఉన్నాయిగానీ, పక్కవాళ్ల పనిగంటలు ఎంచడమంత రోత మరొకటి లేదని ఆ హాజరు గుమస్తా నమ్మకం. కంప్యూటర్‌లో గంటల పట్టిక సరిచేస్తూ, తెరమీద ఒక్కో పేరూ తడిమాక వేలు చొక్కాకు తుడుచుకుంటాడు. ఆ నెల అడుగునున్నవారికి ఉద్వాసన. ఎక్కువ గంటలవాళ్లు పైకొచ్చేలా వరుసపెట్టే మీట నొక్కితే, మొదటి అంకెనే చూసే ఆ యంత్రం ఒకటికన్నా తొమ్మిదే పెద్దదని తొమ్మిది గంటలవాణ్ణి పైకెక్కించి, నూటపన్నెండు గంటలు చేసిన టైపిస్టును అట్టడుక్కి తోసింది.

"కిందున్నామె పేరు కొట్టెయ్," అన్నాడు మేనేజరు.

"అయ్యో, తప్పొచ్చింది సార్, ఉండండి!" గుమస్తా అన్నీ మూడంకెలయ్యేలా చిన్న సంఖ్యల ముందు సున్నాలు చేర్చి మళ్లీ నొక్కాడు. తొమ్మిది గంటలవాడు అడుక్కి జారాడు. వాడు మేనేజరుకు స్వయానా బావమరిది.

మేనేజరు మెడ గోక్కున్నాడు. "ఇందాకటి వరుసే బాగుందయ్యా. అదే ఉంచు."

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు; ఇక్కడది తిరగబడింది. గుమస్తా నోట్లో ఉమ్ము ఊరింది. ఉమ్మడానికి చోటులేక మింగేసి, సున్నాలు ఒక్కొక్కటే చెరిపాడు.