ఎడమ దిక్కు ట్యాంకులు

మా ఆయన పళ్లెం తిప్పడం నాకు అలవాటైపోయింది. అన్నం కుడి సగం తిని ఆగిపోయేవారు. ఎడమ సగం కూరతో సహా అట్లాగే ఉండేది. "జర ఇంకింత పెట్టు" అని అడిగితే నేను పళ్లెం అటుది ఇటు తిప్పేదాన్ని. కొత్తగా వడ్డించినట్టు తినేవారు. పక్షవాతం వచ్చాక రెండు పూటలా ఇదే పని.

చూపు బాగానే ఉందని, ఎడమ దిక్కు అనేది ఒకటుందన్న సంగతే మెదడు మరిచిపోయిందని హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. గడ్డం కుడి చెంపకే గీసుకునేవారు. పరామర్శకు వచ్చిన చుట్టాలు ఎడమ పక్క కుర్చీలో కూర్చుంటే పలకరించేవారు కాదు. వాళ్లేమో మూతి ముడుచుకుని పోయేవారు. ఎంతమందికని చెప్పను? చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. పళ్లెం ఎడమ అంచుకు ఎర్ర రిబ్బన్ ముక్క అంటించమని, దాన్ని వెతుక్కుంటూ చూపు అటు పోతుందని వ్యాయామాలు చేయించే ఆయన సలహా ఇచ్చాడు. అంటిస్తుండగానే నా చేతిలోంచి గుంజి పారేశారు.

"నేనేమన్న చిన్నపోరగాన్నా?"

ఆ తర్వాత దేనికీ నోరు తెరవడం మానేశారు. కాలు చాపమంటే చాపేవారు, మందు వేసుకోమంటే వేసుకునేవారు. అంతే. మనిషి ఇంట్లోనే ఉన్నా నాకు ఒంటరిగా అనిపించేది. ఆ మౌనం చూస్తే ఒళ్లు మండేది కూడా.

దేవరకొండలో మా ఆయన ఒకప్పుడు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు. తెలంగాణ వచ్చి ఫోన్లు ప్రతి చేతికీ చేరేసరికి టైపింగ్ నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణంగా మార్చాం. ఆయన పడిపోయాక అది నా నెత్తిన పడింది. పొద్దంతా దరఖాస్తులు, సాయంత్రం ఈయన వ్యాయామం, వంట. కూర్చుంటే మళ్లీ లేవలేనేమోనని నిలబడే టీ తాగేదాన్ని.

ఒకరోజు దుకాణం మూలన దుమ్ము కొట్టుకుపోయిన పాత కంప్యూటర్‌ను ఆటోలో వేసి ఇంటికి తెచ్చాను. అందులో ఒక యుద్ధం ఆట ఉంది. పెళ్లైన కొత్తలో, పిల్లలంతా వెళ్లాక, ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన నాకు నేర్పిందే. తెర మీద ఆరు మూలల గళ్లు, కొండలు, వాగులు. ఆయనవి ఎర్ర ట్యాంకులు, నావి నీలం. ఒకరు తమ ట్యాంకులన్నీ నడిపి "వంతు అయిపోయింది" అన్న బొత్తం నొక్కాకే రెండోవారు నడపాలి. అవతలివాళ్ల రాజధాని పట్టుకుంటే గెలిచినట్టు. కంప్యూటర్ ఒక్కటే కాబట్టి ఆయనే ఒక కాయిదా పెట్టారు. ఒకరు ఆడుతుంటే రెండోవారు గోడవైపు తిరిగి కూర్చోవాలి. కొత్త కోడలినై ఉండి ఆ గోడకున్న కీబోర్డు బొమ్మను ఎన్ని సాయంత్రాలు చూశానో.

ఇప్పుడు దుకాణానికొచ్చే ఇంటర్ పిల్లలు కూడా ఫోన్లలో యుద్ధాలే ఆడతారు. తొంగిచూస్తే అవే ఆరు మూలల గళ్లు, అవే వంతులు. రంగులు పెరిగాయి, దాంతోపాటు మూలన ఒక గడియారం తిరుగుతుంది. ఆలోచిస్తూ కూర్చుంటే వంతు పోతుంది. మా పాత ఆటకు ఆ తొందర లేదు. ఆయన చెయ్యి మౌస్ పట్టుకుని ఎంతసేపు ఆగినా అది ఆగేది. ఆయన పడిపోయాక మా ఇంట్లో ఆయన్ను తొందరపెట్టనిది అదొక్కటే. నేను కూడా తొందరపెట్టేదాన్ని.

మొదటిరోజు కుడిచేత్తో బొత్తం నొక్కి, "ఇగ నీ వంతు" అన్నారు. ఎన్నో వారాలకు విన్న మాట. కంట్లో నీళ్లు తిరిగాయి.

తెర చూశాను. కుడివైపు ఎర్ర ట్యాంకులన్నీ కదిలాయి. ఎడమవైపున్న ట్యాంకుల దండు పెట్టినచోటే ఉంది. పళ్లెంలో అన్నం లాగే.

ఆ దిక్కు నుంచి వెళితే ఆయన రాజధాని రెండు వంతుల్లో నాది. నేను వెళ్లలేదు. నా ట్యాంకులన్నిటినీ కొండల మీదుగా చుట్టూ తిప్పి, ఆయనకు కనిపించే కుడివైపుకు తెచ్చి, అక్కడ ఓడిపోయాను. ఆయన పగలబడి నవ్వారు. "నీకు ఇంక ఆట రాలేదే!" అన్నారు. ఆ నవ్వు కోసం రోజూ ఓడాను. ఓడటం కూడా ఒక పనే, దరఖాస్తులు నింపినంత పని.

ఇంకోరోజు దుకాణంలో ఏదో పథకానికి చివరి గడువు. మనిషి మీద మనిషి పడ్డారు, సర్వర్ సతాయించింది, గొంతు పోయింది. ఇంటికొచ్చి వంట చేసి, ఆటకు కూర్చున్నాను. చుట్టూ తిప్పే ఓపిక లేదు. దగ్గరగా ఉన్నవాటినే తిన్నగా నడిపాను, ఎడమ దిక్కు నుంచే. తర్వాతి వంతు కూడా అంతే. ఆయన రాజధాని మీద నా నీలం జెండా ఎగిరింది.

ఆయన తెరకేసి చూశారు.

"ఏడికెల్లి వచ్చినయే ఇవి?"

"ఎడమ దిక్కుకెల్లి."

"ఇన్ని దినాలు అటుకెల్లి ఎందుకు రాలే?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. "మీకు ఆ దిక్కు కనవడదని. ఇయ్యాల నాతోని కాలే. అలిసిపోయిన" అన్నాను. ఏడుపొచ్చేసింది.

కోపంతో లేచిపోతారనుకున్నాను. లేవలేదు. "ఆ ఎర్ర రిబ్బన్ ఉన్నదా?" అని అడిగారు. వెతికి తెచ్చి, ఆయన చూపించిన చోట, తెర ఎడమ అంచుకు అంటించాను. ఆట మొదటి నుంచి పెట్టాం. మొదటి వంతు ఆయనదే. ఎప్పటిలాగే ఆయన ఎడమ పక్కన, గోడవైపు తిరిగి కూర్చున్నాను.

కుడిచేత్తో తన గడ్డం పట్టుకుని మెడను కొంచెం కొంచెంగా తిప్పుకున్నారట. అది తర్వాత ఆయన చెప్పిందే. నాకు మాటలు మాత్రమే వినిపించాయి.

"ఇవన్ని నాయేనా?"

"మీయే. మొదటిసంది ఆడనే ఉన్నయి."

మౌస్ టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. తర్వాత చప్పుడు లేదు. ఆయన చూపు రిబ్బన్ దాటి, బల్ల అంచు దాటి నా దాకా వచ్చినట్టుంది.

"గీడ కూసున్నవా? నీ వంతు కాంగనె వంటింట్లకు పోతవనుకున్ననే, ఇన్ని దినాలు."

"ఎప్పుడూ ఈడనే కూసున్న" అన్నాను. వంతు ఇంకా ఆయనదే కాబట్టి గోడవైపు నుంచి తిరగకూడదు. తిరిగాను.